పాట ఎత్తుకోగానే చేయి ఎందుకు ఆగిపోతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: గిటారు వాయిస్తూ పాడటం, అందులోనూ బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాటల పద్ధతి) పాడటం. విశాఖలో గిటారు నేర్పే నాకు ఇంతకన్నా ఇష్టమైన విషయం లేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగిని. రెండేళ్లుగా గిటారు నేర్చుకుంటున్నాను. ఇ కీలో (ఇ స్వరం ఆధారంగా) 12 బార్ల (బారు అంటే నాలుగు దెబ్బలు) షఫుల్ (ఊగుతూ సాగే లయ) బాగానే వాయిస్తాను. ఎదురుగా ఎవరు కూర్చున్నా టెన్షన్ పడను. కానీ పాట ఎత్తుకున్న మరుక్షణం కుడిచేయి ఆగిపోతుంది. ఆగకపోతే మాటల వెంట పరిగెడుతుంది. ఎవరిని అడిగినా 'నెమ్మదిగా ప్రాక్టీస్ చెయ్యి' అంటారు. నెమ్మదిగా చేసినా అంతే. ఇది పుట్టుకతో రావాల్సిన విద్యేనా?
– ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: కాదండీ. లోపం మీ చేతిలో లేదు, గొంతులోనూ లేదు. మీరు రెండు పనులు ఒకేసారి చేయాలని చూస్తున్నారు. బ్లూస్ మాత్రం చాలావరకు వంతులవారీగా సాగుతుంది.

బ్లూస్ గిటారు పాటగాడు బి.బి. కింగ్ గారి సంగతే చూడండి. 1925లో మిసిసిపీలో పుట్టి, ఎనభై దాటాక కూడా వేదికలెక్కి పాడిన మనిషి. పాడుతూ వాయించడం తనవల్ల కాదని ఆయనే బాహాటంగా చెప్పేవారు. ఆయన పాడుతున్నంతసేపు 'లూసిల్' అని పేరు పెట్టుకున్న ఆ గిటారు ఊరుకునేది. మాట ఆగాక అది అందుకునేది. వెనక బ్యాండు ఉంది కాబట్టి తాళం వాళ్లు చూసుకునేవారు. మీ వెనక బ్యాండు లేదు. ఆ బరువు మీ బొటనవేలి మీదో, పిక్‌తో వాయిస్తే మణికట్టు మీదో పడుతుంది. తేడా అంతవరకే.

మీకు వచ్చిన ఆ 12 బార్లనే ఒకసారి విడదీసి చూద్దాం. నాలుగు బార్లు ఇ కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు), రెండు ఎ, మళ్లీ రెండు ఇ, ఒకటి బి7, ఒకటి ఎ, చివర రెండు ఇ. వీటిని నాలుగేసి బార్ల చొప్పున మూడు భాగాలు చేస్తే ఒక్కో భాగానికి ఒక్కో పాదం వస్తుంది. మొదటి పాదం, మళ్లీ అదే పాదం, ఆపైన దానికి జవాబుగా మూడోది. ప్రతి నాలుగు బార్లలోనూ గొంతుకు దక్కేది సుమారు రెండు. పాదంలోని చివరి అక్షరం సాధారణంగా మూడో బారు మొదటి దెబ్బ మీద దిగుతుంది. అక్కడి నుంచి నాలుగో బారు చివరిదాకా గిటారుదే.

అమెరికా దక్షిణాదిలో పత్తి చేలల్లో, రైలు పట్టాల మీద పనిచేసిన నల్లజాతి కూలీలు పాడుకున్న పద్ధతి ఇది. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. మిసిసిపీ డెల్టాలో ఒంటరిగా గిటారు పట్టుకుని కూర్చున్న పాటగాడికి ఆ గుంపు లేదు. అందుకునే పని గిటారుకు అప్పగించాడు. మన బుర్రకథలో కథకుడు ఒక మాట చెప్పి ఆపగానే వంతలు 'తందాన తాన' అని అందుకుంటారు కదా, మీ గిటారు చేయాల్సింది ఆ వంత పని.

ఇక సాధన. ముందు చేతిని పరీక్షించండి. షఫుల్ మొదలుపెట్టి, ఆపకుండా, ఇంట్లో ఎవరికైనా మీ బ్యాంకు నుంచి ఇంటికి వచ్చే దారి చెప్పండి. ఏ సందు తిరగాలో, ఎక్కడ సిగ్నల్ పడుతుందో అన్నీ చెప్పాలి. మీరు మాట్లాడుతున్నా ఐదో బారులో ఎ, తొమ్మిదో బారులో బి7 వాటంతట అవి రావాలి. రావడం లేదంటే షఫుల్ ఇంకా మీ వేళ్లకు అలవాటు కాలేదు, మీరు తలతో లెక్కపెట్టుకుంటూ వాయిస్తున్నారు. ఆ తల పాటకు కావాలి. అందుకని ఈ పరీక్షలో నెగ్గేదాకా పాట జోలికి వెళ్లకండి. నా అనుభవంలో ఈ మెట్టు దాటకుండా పాటకు దూకినవాళ్లే ఎక్కువగా విసిగిపోయి మానేశారు.

రెండోది, గిటారు పక్కన పెట్టి మాటలను తాళం మీద పలకడం. రాగం వద్దు, పలకడమే. షఫుల్ అంటే ప్రతి దెబ్బలోనూ తిశ్రం (మూడు భాగాల నడక) ఉంటుంది. 'తకిట తకిట తకిట తకిట' అనుకుని మధ్యలోని 'కి' మింగేస్తే 'త–ట, త–ట' మిగులుతుంది. అదే షఫుల్. తొడ మీద దెబ్బ వేస్తూ, మీ పాటలో ఏ అక్షరం బారు మొదటి దెబ్బ మీద పడుతోందో కనిపెట్టి దాని కింద పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇక్కడ చాలామందికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. పాదంలోని మొదటి మాట చాలాసార్లు మొదటి దెబ్బకు ముందే మొదలవుతుంది. ఒకటి రెండు మాటలు ముందే వచ్చి, మూడో మాట దెబ్బ మీద పడుతుంది. మీరు మొదటి మాటను మొదటి దెబ్బకే అతికించాలని చూస్తున్నారేమో గమనించండి. చేయి ఆగేది చాలావరకు అక్కడే.

నా దగ్గర నేర్చుకునే ఒక స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి నైట్ షిఫ్ట్ అయ్యాక ఆర్కే బీచ్‌లో నడిచేవారు. అడుగుకో దెబ్బ లెక్కన మాటలు పలుకుకుంటూ, గొంతు ఆగాల్సిన చోట నోరు మూసుకుని అడుగులు మాత్రం వేసుకుంటూ వెళ్లేవారు. గిటారు ఇంట్లోనే ఉండేది. క్లాసుకు వచ్చి మొదటిసారి పాడుతూ వాయించినప్పుడు, ఆయన ఖాళీలు పాడిన చోట్లకన్నా కచ్చితంగా ఉన్నాయి. ఎంతసేపు ఆగాలో కాళ్లకు తెలిసిపోయింది.

మూడోది, రెండూ కలపడం. ఇక్కడ షఫుల్ మొత్తం వాయించకండి. ప్రతి బారులో మొదటి దెబ్బకు ఒక్కసారి తీగ మీటి, మిగతా మూడు దెబ్బలు వదిలేసి పాట పాడండి. అది కుదిరాక ఒకటో దెబ్బ, మూడో దెబ్బ. తర్వాత నాలుగూ. చివరికి షఫుల్. ప్రతి మెట్టులోనూ పాట పూర్తిగా ఉంటుంది, పెరిగేది చేతి పని మాత్రమే. చాలామంది దీనికి తిరగేసి, చేతి పని నిండుగా ఉంచి పాటను ముక్కలు చేసి అతికిస్తారు. ఆ దారి చాలా చుట్టు.

'నెమ్మదిగా' అనే సలహాతో నాకు పూర్తి అంగీకారం లేదు. మరీ నెమ్మదిస్తే షఫుల్ ఊపు చచ్చిపోతుంది, పాదం చివరిదాకా ఊపిరీ చాలదు. నిమిషానికి 80 బీట్ల దగ్గర మొదలుపెట్టండి. వేగం తగ్గించడానికి బదులు వాయించే స్వరాలు తగ్గించండి.

ఇవన్నీ అయ్యాకే మూడో, నాలుగో బార్లలో గిటారు జవాబు. మూడు స్వరాలు చాలు. మూడో తీగ ఖాళీగా మీటి, వెంటనే మొదటి ఫ్రెట్ (గిటారు మెడ మీది మెట్టు) మీద వేలు మోపి, ఒకటో తీగ ఖాళీగా మీటి ఆగండి. ఇ కీలో ఆ చిన్న పలుకుకే బ్లూస్ వాసన వస్తుంది. పెద్ద లిక్కులు (గిటారు పలుకులు) ఇప్పుడే వద్దు. లిక్కు పొడుగైతే తర్వాతి పాదం ఎత్తుకునే చోటు దాటిపోతుంది.

ప్రశ్న: చిన్నప్పుడు విజయవాడలో వర్ణాల దాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఇప్పుడు ఫ్రిస్కో, టెక్సస్‌లో ఉంటున్నాను. మిసిసిపీ జాన్ హర్ట్ అనే పాతకాలపు బ్లూస్ పాటగాడి పద్ధతిలో వేళ్లతో వాయించడం మొదలుపెట్టాను. పాడితే బొటనవేలు గొంతు వెంటే వెళ్లిపోతోంది. పైగా ప్రతి స్వరానికీ గమకం వచ్చేస్తోంది. నేర్చుకున్నది మర్చిపోవాలా?
– ఓ పాఠకురాలు

జవాబు: మర్చిపోవద్దమ్మా, అసలే వద్దు. మీ దగ్గరున్నది చాలామంది గిటారు వాళ్లకు లేని ఆస్తి. చేత్తో ఆది తాళం వేస్తూ గీతం పాడిన మనిషి మీరు. సాహిత్యం ఒకవైపు, చేయి మరోవైపు నడవడం మీకు కొత్త కాదు. కాకపోతే అప్పుడు ఆ చేయి తొడ మీద ఉండేది, ఇప్పుడు తీగల మీద ఉంది. కాబట్టి బొటనవేలిని 'వాయిస్తున్న వేలు' అనుకోవడం మానేసి తాళం వేస్తున్న చేయి అనుకోండి. సి కార్డ్ పట్టుకుని ఐదో తీగ, నాలుగో తీగ, మళ్లీ ఐదు, నాలుగు. మిగతా వేళ్లకు పని వద్దు. దాని మీద మీకు బాగా వచ్చిన గీతం ఏదైనా సాహిత్యంతో, రాగం లేకుండా ఒకే శ్రుతిలో పలకండి. బ్లూస్‌కు దానితో ఏ సంబంధమూ లేదు, బొటనవేలిని గొంతు నుంచి విడదీయడానికి మాత్రమే. ఒకే శ్రుతిలో ఉంటే గొంతు వేలిని లాగదు. అది నిలబడ్డాక రాగం కలపండి.

హర్ట్ గారి పద్ధతిలో పై తీగల మీద వేళ్లు వాయించేది తరచుగా ఆయన పాడే రాగమే. ఆ స్వరాలు కొన్ని బొటనవేలితో పాటే పడతాయి, కొన్ని రెండు దెబ్బల నడుమ పడతాయి. సాహిత్యం కాగితం మీద రాసుకుని, బొటనవేలితో కలిసి పడే అక్షరాల కింద చుక్క, నడుమ పడేవాటి కింద చిన్న గీత పెట్టుకోండి. మీరు స్వరం–సాహిత్యం రాసుకున్న పుస్తకాల అలవాటు ఇక్కడ పనికొస్తుంది. ఆయన ఎవాలన్ అనే చిన్న ఊళ్లో పొలం పనులు చేసుకుంటూ బతికారు. 1928లో 'ఓకే' అనే రికార్డు కంపెనీకి పాటలు రికార్డు చేశారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా బయటి లోకానికి ఆయన ఊసే లేదు. 1963లో వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు ఆ ఊళ్లోనే దొరికారు, అదే ఏడాది న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవం వేదిక మీద పాడారు. మూడేళ్లకు పోయారు. రెండు కాలాల రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని వినండి. గొంతు ఎక్కడా పెంచరు. మెల్లగా, పక్కన కూర్చున్నవాళ్లకు చెబుతున్నట్టే పాడతారు. బ్లూస్ అంటే గొంతు చించుకోవడమే అనుకునేవాళ్లకు నేను మొదట వినిపించేది ఆయన్నే.

గమకం విషయానికొద్దాం. బ్లూస్‌లో అందరూ మాట్లాడే ఆ 'బ్లూ నోట్' ఒకటి సాధారణ గాంధారానికీ (కింది గ) అంతర గాంధారానికీ (పై గ) మధ్య తిరుగుతుంది. కింది నుంచి బయలుదేరి, పైదాన్ని పూర్తిగా అందుకోకుండానే అక్కడెక్కడో నిలబడుతుంది. పియానో మీద దొరకని ఆ చోటు మీ గొంతుకు తెలుసు. అయితే ఊపు వద్దు. కంపితం (స్వరాన్ని ఊపడం) మానేసి జారు (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం) ఉంచుకోండి. ఒక పాదంలో ఒకటి రెండు చోట్ల చాలు, మిగతా స్వరాలు మాట్లాడినట్టు సూటిగా అనేయండి.

మీరుండే ఊరికి దగ్గర్లో ఈ సంగీతానికి సొంత నేల ఉంది. డల్లాస్‌లోని డీప్ ఎలమ్ వీధుల్లో బ్లైండ్ లెమన్ జెఫర్సన్ పాడేవారు. ఆయన రికార్డులు 1926 నుంచి ఉన్నాయి. పాడేటప్పుడు గిటారును బాగా తగ్గించి, పాదం అయ్యాక తీగల మీద గబగబా పరుగులు తీసేవారు. మీ సమస్యకు ఆయన దగ్గర వేరే పరిష్కారం ఉంది, వినండి. అదే డల్లాస్‌లో 508 పార్క్ అవెన్యూలోని భవనంలో 1937 జూన్‌లో మరో బ్లూస్ పాటగాడు రాబర్ట్ జాన్సన్ రికార్డు చేశారు. అంతకుముందు నవంబరులో శాన్ ఆంటోనియోలో చేసినవాటితో కలిపితే ఆయన మిగిల్చిన పాటలు 29. ఒక సెలవురోజు ఆ భవనం ముందు కాసేపు నిలబడి రండి. ఆడవాళ్లు గిటారు పట్టి పాడిన బ్లూస్ కావాలంటే మెంఫిస్ మిన్నీ, ఎలిజబెత్ కాటెన్ ఇద్దరినీ తప్పకుండా వినండి. కాటెన్ గారిది ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ల గిటారునే తిరగేసి పట్టుకోవడంతో బేస్ తీగలు వేళ్లకు, రాగం బొటనవేలికి వచ్చాయి. అలా కూడా హాయిగా పాడారు.

ప్రశ్న: తెలుగులో బ్లూస్ రాసి పాడొచ్చా? నేను తెలుగు మాస్టారిని. ఇంగ్లిష్ మాటలు నా నోటికి సొంతంగా అనిపించవు. తెలుగు మాటలు పెడితే ఎందుకో తాళంలో ఇమడటం లేదు.
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రాయండి మాస్టారూ, సొంత నోటికి రాని మాటతో బ్లూస్ పాడటం చాలా కష్టం. ఇమడకపోవడానికి కారణం ఛందస్సు తెలిసిన మీకు చెప్పగానే అర్థమవుతుంది. ఇంగ్లిష్ మాటలో ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది, పాట ఆ ఊనికను దెబ్బ మీద పెడుతుంది. మనకు అలాంటి ఊనిక లేదు, గురువూ లఘువూ ఉన్నాయి. కాబట్టి దెబ్బ మీద గురువు పడేట్టు చూసుకోండి. లఘువులను దెబ్బల నడుమకు తోసేయండి.

నేను క్లాసులో పిల్లలకు చూపడానికి కట్టిన పాదాలు ఇవి:

తెల్లారి బండెక్కి పోయావు, వాకిట్లో నేనున్నా
తెల్లారి బండెక్కి పోయావు, వాకిట్లో నేనున్నా
నీ అడుగు చెరిగిపోతాదని కళ్లాపి చల్లకున్నా

'తెల్లారి' మొదటి దెబ్బకు ముందే అనేయాలి. 'బం' మొదటి బారు మొదటి దెబ్బ, 'పో' మూడో దెబ్బ. 'వా' రెండో బారు మొదటి దెబ్బ, 'నే' మూడోది. ఆఖరి 'న్నా' మూడో బారు మొదటి దెబ్బ మీద దిగి నిలుస్తుంది. గిటారు అక్కడ అందుకుంటుంది. దెబ్బ మీద పడినవన్నీ గురువులే, చూడండి. మూడో పాదం ఇంకా బాగుంటుంది. 'నీ అడుగు' ముందే వస్తుంది. 'చెరిగి' అనే మూడు లఘువులు ఒకే దెబ్బలో తకిటలా పరిగెత్తి 'పో' మీద పడతాయి. షఫుల్‌లో ఉన్న తిశ్రం మాటలోకే వచ్చేసింది.

తెలుగుకు ఇంకో మేలు ఉంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పాదం చివర స్వరం ఎంతసేపైనా నిలపొచ్చు. ఆ నిలపడంలో బొటనవేలు నెమ్మదించకుండా చూసుకోండి. గొంతు సాగినప్పుడల్లా చేయి కూడా సాగాలని చూస్తుంది.

మూడో పాదం మీద ఎక్కువ సమయం పెట్టండి. మొదటి పాదం రెండుసార్లు విన్నవాడు 'అయితే ఏమైంది?' అని ఎదురు చూస్తుంటాడు. అక్కడ పెద్ద భావం చెప్పబోతే పాట కవిసమ్మేళనమవుతుంది. కళ్లాపి, చెప్పులు, చీటీ డబ్బు, రిజర్వేషన్ దొరకని రైలు... చేతికి తగిలే వస్తువు ఏదైనా పెట్టండి. భాష కూడా మీ గోదావరి మాటే ఉండనివ్వండి. గ్రాంథికం తాళంలో ఇమిడినా పాట నిలబడదు.

ప్రశ్న: ఒక్కడినే పాడుతున్నప్పుడు కూడా 12 బార్లు లెక్క తప్పకూడదా?
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీ వెనక ఇంకొకరు వాయిస్తుంటే తప్పకూడదు. ఒక్కరే అయితే బ్లూస్ పాటగాడు జాన్ లీ హుకర్‌ను వినండి. 1948లో డెట్రాయిట్‌లో మొదటి హిట్ రికార్డు చేసినప్పుడు ఆయనకు తోడు సొంత గిటారు, సొంత కాలి చప్పుడు, అంతే. ఒకే కార్డ్ మీద పాటంతా నడిపించగలరు. పాదం ఎప్పుడు ముగిస్తే అప్పుడే ముందుకు వెళ్లేవారు. బార్లు పదకొండున్నా, పదమూడున్నర ఉన్నా పట్టించుకోలేదు. కానీ ఆ కాలి చప్పుడు మాత్రం ఎక్కడా తడబడదు. బార్లు పెంచుకోండి, తగ్గించుకోండి. దెబ్బ తప్పకండి. మొదట 12 బార్లు కళ్లు మూసుకుని వచ్చేట్టు చేసుకున్నాకే ఈ స్వేచ్ఛ తీసుకోమని నా సలహా.

ప్రశ్న: వచ్చే నెల మా కాలేజీ ఫెస్ట్‌లో ఒక బ్లూస్ పాట పాడాలి. ఇ కీలో నా గొంతు కిందికి అందడం లేదు. ఎ కీ షఫుల్ ఇంకా రాలేదు. ఏం చేయాలి?
– ఓ విద్యార్థి, వరంగల్

జవాబు: కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి శ్రుతి పెంచే బిగింపు) కొనుక్కో తమ్ముడూ. మూడో ఫ్రెట్ మీద బిగించి అదే ఇ షఫుల్ వాయిస్తే జి కీ అవుతుంది. వేళ్లకు కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. రెండో ఫ్రెట్, నాలుగో ఫ్రెట్ కూడా ప్రయత్నించి, పాటలో అన్నిటికన్నా కింది స్వరం స్పష్టంగా వినిపించే చోట ఆగు. పై స్వరం కొంచెం కష్టమైనా బ్లూస్‌లో అందంగానే ఉంటుంది. కింది స్వరం వినపడకపోతే పాదం సగం గాలిలో కలిసిపోతుంది.

నెల రోజుల్లో మూడు చరణాలు చాలు. మధ్యలో సోలో పెట్టుకోవద్దు. పాట మొదలుపెట్టే ముందు చివరి నాలుగు బార్లు వాయించి ఎత్తుకో. బి7, ఎ, ఇ వినగానే నీ శ్రుతి, వేగం రెండూ నీకు దొరుకుతాయి, హాలు కూడా సర్దుకుంటుంది. ఇంట్లో కూర్చుని సాధన చేసి అక్కడ నిలబడి పాడొద్దు. స్ట్రాప్ వేసుకుని, మైక్ ఎత్తులో ఏదైనా పెట్టుకుని, ఎడమచేతిని చూడకుండా ఇప్పటి నుంచే పాడు. మైక్ ముందు తల దించి ఫ్రెట్లు చూస్తే మాట జనానికి వినపడదు. మైక్‌కు నోరు, పికప్‌కు (గిటారు శబ్దం పట్టే పరికరం) గిటారు రెండూ కలిపి సౌండ్ చెక్ అడిగి చేయించుకో, విడివిడిగా చూస్తే సరిపోదు. తీగలు మార్చాలంటే వారం ముందే మార్చు. కొత్త తీగలు సాగుతూ శ్రుతి దిగిపోతుంటాయి. కేపో బిగించాక ఇంకోసారి ట్యూనర్ పెట్టి చూసుకో.